కయాకింగ్, కనూయింగ్: ఒంటి మీద పడే భారం, ఆరోగ్యానికి ఉండే ముప్పు – తరచుగా అడిగే ప్రశ్నలు

తెడ్డుతో నడిపే కయాక్, కనూ లాంటి సన్నటి పడవలో నాలుగు గంటలు గడిపి ఒడ్డుకొచ్చిన మనిషిని ఎక్కడ నొప్పిగా ఉందని అడిగి చూడండి. జబ్బలు లాగేస్తున్నాయంటే కొత్తగా మొదలుపెట్టినవారు. నడుము పక్కలూ పొట్టా అలిసిపోయాయంటే తెడ్డు వేయడం వచ్చినవారు. నేను రెండేళ్లు జబ్బల నొప్పితో గడిపిన తర్వాతే సరైన పద్ధతి నేర్చుకున్నాను. కొత్తవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ ఆటలో కీళ్లూ కండరాలూ పాడయ్యేది నెలల తరబడి, నెమ్మదిగా. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం నీళ్లలో పడిన మొదటి కొద్ది నిమిషాల్లో. చాలామంది మొదటిదానికి భయపడతారు, రెండోదాన్ని పట్టించుకోరు.

కయాక్, కనూ రెండూ ఒకటేనా? ఒంటికి తేడా తెలుస్తుందా?

ఒకటి కాదు. కయాక్‌లో కాళ్లు ముందుకు పెట్టి కూర్చుంటాం. తెడ్డుకు రెండు చివర్లా రెక్కలుంటాయి కాబట్టి కుడీ ఎడమా మార్చి మార్చి వేస్తాం. కనూలో తెడ్డుకు రెక్క ఒకటే. మోకాళ్ల మీద గానీ, ఎత్తుగా ఉన్న పీట మీద గానీ కూర్చుని ఒక పక్కనే వేస్తాం. అందుకే నొప్పులూ వేరుగా ఉంటాయి. కయాక్ వాళ్లు నడుము, తొడ వెనక కండరాలు, మణికట్టు అంటారు. కనూ వాళ్లు మోకాళ్లు, వీపు ఒక పక్క అంటారు. భుజం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి.

నా చేతుల్లో అంత బలం లేదు. నావల్ల అవుతుందా?

అవుతుంది. తెడ్డును చేత్తో లాగం. చేయి ఇక్కడ కొక్కెం లాంటిది, తెడ్డును ఒంటికి తగిలించి ఉంచుతుంది, అంతే. బలం నడుము తిప్పడంలోంచి వస్తుంది. దానికి ఆసరా కాలు తోయడం. కుడివైపు వేస్తున్నారనుకోండి. ముందు ఛాతీ ఎడమకు తిరుగుతుంది, కుడి భుజం ముందుకొస్తుంది, తెడ్డు రెక్క కుడి పాదం పక్కన నీళ్లలోకి పూర్తిగా మునుగుతుంది. అప్పుడు కుడి పాదంతో ఫుట్‌రెస్ట్‌ను, అంటే పడవలో పాదాలు ఆనించే పట్టెను తోస్తూ నడుమును కుడికి తిప్పుతారు. పడవ తెడ్డు దగ్గరికి జారుకుంటూ వస్తుంది. రెక్క తుంటి దగ్గరికి చేరగానే నీళ్లలోంచి తీసేయాలి. అక్కణ్నుంచి ఇంకా వెనక్కి లాగితే వేగం రాదు, భుజానికి శ్రమ మిగులుతుంది.

ఇలా చేస్తే పని వీపు పక్కల ఉండే వెడల్పాటి కండరాలు, పొట్ట పక్కల ఏటవాలు కండరాలు, తొడలు పంచుకుంటాయి. ఇవి ఒంట్లో పెద్ద కండరాలు, ఓ పట్టాన అలసిపోవు. చేత్తో లాగితే ఆ భారమంతా దండ కండరం మీద పడుతుంది. అది చిన్నది, అరగంటలో చేతులెత్తేస్తుంది. మీరు ఎలా వేస్తున్నారో తెలుసుకోవాలంటే పది నిమిషాలు మోచేతులు దాదాపు చాచి ఉంచి తెడ్డు వేయండి. నడుము తిప్పక తప్పదు. ఆ పది నిమిషాల్లో పడవ ఎంత తేలిగ్గా సాగుతుందో మీకే తెలుస్తుంది.

ఎంత కష్టమైన వ్యాయామం ఇది? ఎన్ని కేలరీలు ఖర్చవుతాయి?

మీరు ఎంత గట్టిగా వేస్తే అంత. శ్రమను కొలవడానికి మెట్ అనే లెక్క వాడతారు. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చు 1 మెట్. కబుర్లు చెప్పుకుంటూ నిదానంగా కనూ నడిపితే సుమారు 3, మామూలు కయాకింగ్‌కు 5, పోటీ వేగానికి 12 పైన. గంటకు, కిలో బరువుకు, ఒక్కో మెట్‌కు దాదాపు ఒక కిలో కేలరీ అనుకోవచ్చు. ఆ లెక్కన 60 కిలోల మనిషి గంటసేపు మామూలు వేగంతో వేస్తే 300 కిలో కేలరీలు. వాడుకలో కేలరీలు అనేది వీటినే.

అంకెల కన్నా ముఖ్యమైనది ఒకటుంది. గాలి ఎదురైతే అదే దూరానికి శ్రమ ఇట్టే పెరిగిపోతుంది. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే ఎంతో బలం ఉన్నట్టు అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలిలో అలసిపోయిన ఒంటితో రావాలి. బోల్తా పడటం, దారి తప్పడం, చలి ఎక్కడం చాలాసార్లు ఈ తిరుగు దారిలోనే మొదలవుతాయి. అందుకే మొదట గాలికి ఎదురెళ్లి, గాలితో తిరిగి రండి. సగం బలం మిగిలి ఉండగానే వెనక్కి తిరగండి.

ఈత రానివాళ్లు వెళ్లొచ్చా?

నిలకడ నీళ్లలో, తెలిసినవాళ్ల పక్కన, లైఫ్ జాకెట్‌తో మొదలుపెట్టొచ్చు. కానీ ఈత నేర్చుకోకుండా ముందుకు వెళ్లకండి. నీళ్లంటే భయం ఉన్నవాళ్లు పడవ కొంచెం ఊగగానే ఒళ్లు బిగబట్టేస్తారు. బిగబట్టిన ఒంటితో పడవ నిలవదు. ఈత వచ్చాక భయం తగ్గుతుంది, నడుము వదులవుతుంది, పడవ తనంతట తానే కుదురుకుంటుంది.

ఈత బాగా వచ్చు. ఎండలో లైఫ్ జాకెట్ తప్పనిసరా?

తప్పనిసరి. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా పడవ ప్రమాదాల లెక్కలు ప్రకటిస్తుంది. ఏ సంవత్సరం చూసినా నీటమునిగి చనిపోయినవారిలో పదికి ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివారే. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. తలకు దెబ్బ తగిలినా, చన్నీళ్లకు ఊపిరి బిగుసుకున్నా, కండరం పట్టేసినా వచ్చిన ఈత పనికిరాదు.

పడవలో పక్కన పెట్టుకుని అవసరమైనప్పుడు వేసుకుందాం అనుకోకండి. నీళ్లలో తేలుతూ వేసుకుని చూడండి ఒకసారి, ఎంత కష్టమో. తెడ్డు వేయడానికి చేసిన రకాల్లో చేతి కంతలు వెడల్పుగా ఉంటాయి, భుజం కదలికకు అడ్డు రావు. వీటి తేలుడు బలం సాధారణంగా 50 న్యూటన్లు. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పే శక్తి వీటికి ఉండదు. దానికి 100, 150 న్యూటన్ల రకాలు కావాలి. ఈత రానివాళ్లు, సముద్రంలోకి వెళ్లేవాళ్లు ఈ తేడా చూసుకుని కొనాలి. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే పట్టీలు వదులుగా ఉన్నట్టు.

భుజం గురించి అందరూ ఎందుకంత భయపెడతారు?

భయపెట్టడం కాదు, అది నిజంగానే ఈ ఆటకు బలహీనమైన కీలు. భుజం గిన్నె లోతు తక్కువ. చేయి అన్ని వైపులా తిరగడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటు అది, దానికి బదులుగా పట్టు తగ్గింది. చేయి తల కన్నా పైకి, పక్కకు, వెనక్కి వెళ్లి ఉన్నప్పుడు నీళ్లు తెడ్డును లాగితే గూడ ముందుకు జారిపోతుంది. తెడ్డు పొడవాటి మీట కదా, చివర పడ్డ చిన్న బలం కూడా కీలు దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది.

ఇది ఎప్పుడు జరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే దాదాపు ప్రతిసారీ ఇదే కథ. పడవ కుడికి ఒరుగుతుంది. కంగారులో కుడి చేయి చాచి తెడ్డును తల ఎత్తున నీళ్ల మీద ఆనిస్తారు. ఛాతీ ఎడమకే చూస్తుంటుంది, చేయి మాత్రం వెనక ఉండిపోతుంది. అల వచ్చి తగులుతుంది. మోచేయి ఒంటికి దగ్గరగా, చేతులు ఛాతీ ముందే ఉండి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఛాతీ ముందు రెండు చేతులూ, తెడ్డూ కలిసి ఒక పెట్టెలా ఉంటాయనుకోండి, ఆ పెట్టె ఎప్పుడూ చెదరకూడదు. వెనక్కి చూడాలంటే చేయి కాదు, ఛాతీ మొత్తం తిరగాలి. పడిపోతున్నప్పుడు చేతిని పైకి ఎత్తి ఆనించకుండా, మోచేతులు తెడ్డు పైన ఉండేలా, వేళ్ల కణుపులు నీళ్లవైపు ఉండేలా కిందుగా ఆనించడం అలవాటు చేసుకోండి.

బోల్తా పడ్డ కయాక్‌ను నీళ్లలోంచే మళ్లీ నిలబెట్టే రోల్‌లో కూడా భుజాలు దెబ్బతింటాయి. ఊపిరి కోసం ముందు తల ఎత్తుతారు. తల బరువు, ఒంటి బరువు తెడ్డుకు వేలాడతాయి. తుంటితో పడవను తిప్పాలి, తల అన్నిటికన్నా చివర రావాలి. ఇది పుస్తకంలో చదివి వచ్చేది కాదు, నేర్పేవారి దగ్గర నిలకడ నీళ్లలో నేర్చుకోవాలి.

ఒకవేళ గూడ జారితే పక్కవాళ్లు లాగి పెట్టే ప్రయత్నం చేయకూడదు. ఎముక విరిగి ఉండొచ్చు, నరమో రక్తనాళమో నలగొచ్చు. చేతిని ఎలా ఉంటే నొప్పి తక్కువగా ఉందో అలాగే ఒంటికి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేళ్లు చల్లబడుతున్నాయా, భుజం బయటి వైపు చర్మం మొద్దుబారిందా అన్నది చూసి డాక్టరుకు చెప్పండి. చిన్న వయసులో ఒకసారి జారిన గూడ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. నొప్పి తగ్గగానే పరుగెత్తి పడవెక్కకండి. బలం తిరిగి వచ్చిందని ఫిజియోథెరపిస్టు చెప్పాకే నీళ్లలోకి దిగాలి.

గూడ జారలేదు గానీ భుజం పైభాగం రోజూ సలుపుతోంది. ఏంటది?

ఎక్కువసార్లు కీలు చుట్టూ ఉండే చిన్న కండరాల స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు నలిగి వాచడం వల్ల అలా ఉంటుంది. నిమిషానికి 50 సార్లు తెడ్డు వేశారనుకున్నా గంటకు 3,000 సార్లు. ప్రతిసారీ పై చేయి కంటి ఎత్తు దాటుతుంటే ఆ స్నాయువు ఎముక కింద నలుగుతూనే ఉంటుంది. తెడ్డును కొంచెం పడుకోబెట్టి వేయండి. రెక్క చిన్నదిగా ఉన్న తెడ్డు తీసుకోండి. పెద్ద రెక్క కొనుక్కుని వేగం వస్తుందని సంబరపడినవాళ్లు భుజం నొప్పితో రావడం నేను చాలాసార్లు చూశాను. దూరం నడిపేవారికి చిన్న రెక్కే మేలు.

మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిర్లు ఎందుకు వస్తాయి?

పట్టు వల్ల. తెడ్డు జారిపోతుందేమోనని పిడికిలి బిగిస్తాం. గంటల తరబడి బిగించిన పిడికిలి ముంజేతి కండరాలకు రక్తం సరిగా అందనివ్వదు, స్నాయువులను ఒరిపిస్తుంది. నాకు రెండో ఏడాది వచ్చింది. మణికట్టుకు నాలుగు వేళ్లు పైన, ముంజేతి వెనక వైపు వాచింది. అక్కడ ఎడమ బొటనవేలు ఆనించి కుడి చేతి మణికట్టును మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే, చర్మం కింద తడి ఇసుక నలుగుతున్నట్టు కరకర తగిలింది. స్నాయువుల పొర వాచినప్పుడు అలా ఉంటుంది. మూడు వారాలు తెడ్డు ముట్టుకోలేదు, తగ్గింది. నొప్పి ఓర్చుకుంటూ వేసి ఉంటే నెలలు పట్టేది.

మందు పట్టులోనే ఉంది. లాగే చేతి వేళ్లు కొక్కెంలా వంచి ఉంచితే చాలు. తోసే చేతి వేళ్లు ప్రతిసారీ కాస్త తెరవండి, అరచేతి మొదలుతో తోయండి. ఆ క్షణం విరామం ముంజేతికి చాలు. ఇంకొకటి, తెడ్డు రెక్కల మధ్య కోణం. రెండు రెక్కలూ ఒకదానికొకటి ఎక్కువ మలుపుతో బిగించి ఉంటే ప్రతిసారీ మణికట్టు వెనక్కి వంచాల్సి వస్తుంది. ఇప్పటి తెడ్లలో చాలావాటికి కోణం మార్చుకోవచ్చు. తగ్గించి చూడండి. రాత్రిపూట వేళ్ల తిమ్మిర్లకు మెలకువ వస్తోందంటే మాత్రం నరం నలుగుతున్నట్టు, డాక్టరుకు చూపించండి.

అరగంట కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కి, నడుము పట్టేస్తుంది. పడవ మార్చాలా?

ముందు కూర్చునే తీరు మార్చండి. కాళ్లు చాపి కూర్చున్నప్పుడు తొడ వెనక కండరాలు బిగువుగా ఉంటే అవి కటి ఎముకను వెనక్కి లాగుతాయి, నడుము గూనిలా వంగుతుంది. అలా వంగిన నడుమును వేలసార్లు అటూ ఇటూ తిప్పుతున్నారు. నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? ఫుట్‌రెస్ట్ దగ్గరికి జరపండి, మోకాళ్లు కొంచెం వంగి పక్కలకు తెరుచుకుని ఉండాలి. వెనక ఆనుడుకు జారబడి కూర్చోకండి. అది నడుము కింది భాగానికి ఆసరా మాత్రమే. తొడల కింద పలచని స్పాంజి పెడితే సీటు అంచు నరాన్ని నొక్కడం తగ్గి తిమ్మిర్లు పోతాయి. గంటకొకసారి ఒడ్డుకు వచ్చి నిలబడండి. ఇంటి దగ్గర రోజూ తొడ వెనక భాగాన్ని సాగదీసే వ్యాయామం చేస్తే నెలలో తేడా కనిపిస్తుంది. ఇన్ని చేశాక కూడా నొప్పి పిరుదు నుంచి కాలి కిందికి పాకుతుంటే, పాదం బలహీనపడుతుంటే ఆట ఆపి డాక్టరును కలవాలి.

కనూలో మోకాళ్ల మీద కూర్చుంటే మోకాలు అరిగిపోతుందా?

అరగదు గానీ, మోకాలి చిప్ప ముందు ఉండే చిన్న తిత్తి వాస్తుంది. మందపాటి మెత్త తప్పదు. స్ప్రింట్ కనూ, అంటే తక్కువ దూరం వేగం పోటీల వాళ్లు ఒక మోకాలి మీదే కూర్చుని ఎప్పుడూ ఒకే పక్క వేస్తారు కాబట్టి వీపు ఒక పక్క బలిసి, రెండో పక్క వెనకబడుతుంది. ఒడ్డున చేసే వ్యాయామంలో రెండో పక్కకు ఎక్కువ పని చెప్పాలి. పాదాలు సీటు కిందికి తోసి కూర్చునేవారికి ఒక హెచ్చరిక. లావు బూట్లు సీటు కింద ఇరుక్కుంటాయి, బోల్తా పడ్డప్పుడు పాదం బయటికి రాదు. పలచని చెప్పులు వేసుకోండి, ఎక్కగానే పాదం లాగి చూసుకోండి.

చన్నీళ్లు అంత ప్రమాదమా? కాసేపు వణుకుతాం, అంతే కదా?

అంతే కాదు. అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చన్నీళ్లలో పడి చనిపోయేవారిలో చాలామంది ఒళ్లు చల్లబడి చనిపోరు. అంతదాకా బతకరు.

చలి నీళ్లు, అంటే 15 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నవి, ఒంటిని హఠాత్తుగా తాకితే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఎగదీస్తాం. ఆ క్షణంలో తల నీళ్ల కింద ఉంటే నీళ్లే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. తర్వాత ఒక నిమిషం, ఒక్కోసారి మూడు నిమిషాల దాకా ఎగఊపిరి ఆగదు. గుండె దడ, బీపీ ఒక్కసారిగా ఎగుస్తాయి. గుండె జబ్బు ఉన్నవారికి ఇది చాలు. ఆ దశ దాటితే పది నిమిషాల దాకా చేతులూ కాళ్లూ మాట వింటాయి. తర్వాత వేళ్లు మొద్దుబారి తాడు పట్టుకోలేం, ఈదలేం. ఒళ్లు లోపలిదాకా చల్లబడి స్పృహ తప్పడానికి గడ్డకట్టే నీళ్లలో కూడా దాదాపు గంట పడుతుంది. కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్నే ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమన్నాడు. ఊపిరి నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, పనికొచ్చే కదలికకు పది నిమిషాలు, స్పృహ తప్పేలోపు ఒక గంట. ఆ గంట మీకు దక్కాలంటే ముఖం నీళ్లపైన ఉండాలి. ఉంచేది లైఫ్ జాకెట్టే.

కాబట్టి పడగానే ఈదకండి. ముఖం పైకి పెట్టి, పడవను పట్టుకుని ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. తర్వాత పది నిమిషాల్లో పడవ మీదికి ఎక్కే ప్రయత్నం చేయండి. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, బోర్లా పడ్డ పడవ మీదికి సగం ఎక్కినా మేలే.

బట్టలు గాలిని బట్టి కాదు, నీళ్లను బట్టి వేసుకోవాలి. ఎండ మండుతున్న రోజున కూడా పెద్ద ఆనకట్ట అడుగు తూముల్లోంచి వదిలిన నీళ్లు గజగజ వణికించేంత చల్లగా ఉంటాయి. తడిసినా ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్, నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్ ఉన్నది ఇందుకే.

ఒళ్లు చల్లబడ్డ మనిషికి ఏం చేయాలి?

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే హైపోథెర్మియా అంటారు. మాట తడబడటం, గుండీ పెట్టుకోలేకపోవడం, విసుగు, మందకొడితనం మొదటి గుర్తులు. వణుకు ఆగిపోయి మనిషి స్తబ్ధుగా అయితే తగ్గిందని సంతోషించకండి, ముదిరింది. మెల్లగా పడుకోబెట్టండి, నడిపించకండి. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లతో తలతో సహా చుట్టండి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు, మద్యం పోయకూడదు. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చటి పానీయం ఇవ్వచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

కయాక్ బోల్తా పడితే లోపలే ఇరుక్కుపోతానా?

ఈ భయం అందరికీ ఉంటుంది. మూత లేని కయాక్‌లో ఇరుక్కోవడం అరుదు, ఒంటి బరువే బయటికి జారుస్తుంది. స్ప్రే స్కర్ట్, అంటే కూర్చునే కంతలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కట్టుకునే మూత బిగించుకుని ఉంటే ముందున్న పట్టీని ముందుకు లాగి ఊడదీసి, చేతులతో పడవను తోసుకుని బయటికి రావాలి. ఐదారు సెకన్ల పని. నడుము లోతు నీళ్లలో, పక్కన మనిషిని పెట్టుకుని పదిసార్లు కావాలని బోల్తా పడి చూడండి. పట్టీ స్కర్ట్ లోపలికి మడతపడి ఉందేమో బయల్దేరే ముందు చేత్తో తడిమి చూసుకోవడం మాత్రం ఎన్నేళ్ల అనుభవం వచ్చినా మానకండి.

పారే నీళ్లలో పడితే ఏం చేయాలి?

నిలబడకూడదు. మోకాలు దాటిన ప్రవాహంలో నిలబడితే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, నీళ్ల తోపుడు మనిషిని ముందుకు పడేసి అలాగే అదిమిపెడుతుంది. లోతు నడుము దాకా కూడా ఉండదు, అయినా లేవలేరు. వెల్లకిలా పడుకుని, పాదాలు పైకి, ప్రవాహం దిశగా చాచి, చేతులతో ఒడ్డువైపు తెడ్డేసుకుంటూ రావాలి. పారకుండా నిలిచి ఉన్న నీళ్లు తగిలాకే లేవాలి.

పడిపోయిన చెట్ల కొమ్మలకు దూరంగా ఉండండి. వాటిలోంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. తప్పించుకోలేకపోతే పాదాలు ముందు పెట్టి వెళ్లకుండా తలను ముందుకు తిప్పి ఈది కొమ్మ పైకి ఎగబాకాలి. ఎత్తు తక్కువ ఆనకట్టలు చూడటానికి నున్నగా, అమాయకంగా ఉంటాయి. వాటి కింద నీళ్లు వెనక్కి తిరిగి సుడి చుడతాయి. పడిన మనిషిని, పడవను, రక్షించబోయిన మనిషిని కూడా తిప్పి తిప్పి కిందికే లాగుతాయి. వాటిని దాటే నైపుణ్యం గురించి మాట్లాడకండి. ముందే ఒడ్డెక్కి పడవ మోసుకుని దాటండి. హెల్మెట్ లేకుండా రాళ్లున్న ప్రవాహంలోకి దిగొద్దు.

నీళ్ల వల్ల ఏ జబ్బులు వస్తాయి?

ఎక్కువగా వచ్చేవి వాంతులు, విరేచనాలు. వాన కురిసిన రెండు మూడు రోజులు మురుగు, పశువుల పేడ కొట్టుకొచ్చి నీళ్లు మరీ పాడై ఉంటాయి, అప్పుడు ఆగడం మంచిది. తడి చేతులతో తినకండి, నీళ్ల సీసా మూతిని నదిలో ముంచకండి.

లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బును తేలిగ్గా తీసుకోకూడదు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్లలోంచి చర్మం మీది గాట్ల ద్వారా, కళ్లు, ముక్కు, నోటి పొరల ద్వారా ఒంట్లోకి వెళుతుంది. తెడ్డు వేసి బొబ్బలు చితికిన చేతులు దానికి తెరిచిన తలుపులు. 2000లో మలేసియాలోని సబాలో జరిగిన సాహస పందెంలో సెగామా నదిలో దిగిన క్రీడాకారుల్లో చాలామందికి ఇదే వచ్చింది, వాళ్లు తమ తమ దేశాలకు వెళ్లిపోయాక బయటపడింది. జ్వరం మామూలుగా 5 నుంచి 14 రోజుల మధ్య మొదలవుతుంది, ఒక నెల దాకా కూడా పట్టొచ్చు. చలితో జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుతో నదిలో దిగానని మీరే చెప్పండి. అడగకపోతే వాళ్లకు తెలియదు, ఫ్లూ అనుకుంటారు. ముందే కనిపెడితే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మెదడు తినే అమీబా చాలా అరుదు, కానీ సోకితే బతికేవారు అతి తక్కువ. వేడెక్కిన ఉప్పు లేని నీళ్లు ముక్కులోంచి పైకి ఎగదన్నినప్పుడు వస్తుంది, తాగితే రాదు. ఎండాకాలంలో నిలవ నీళ్లలో రోల్ సాధన చేసేవారు ముక్కు క్లిప్పు పెట్టుకోండి.

చెవుల సంగతి?

తడి చెవిలో వచ్చే పోటు, చీము అందరికీ తెలిసినవే. నీళ్లు ఒలికించి ఆరనివ్వండి, పుల్లలు పెట్టకండి. చల్లటి నీళ్లలో ఏళ్ల తరబడి ఆడేవారికి చెవి గొట్టంలో ఎముక పెరిగి దారి ఇరుకవుతుంది. పెరిగిన ఎముక వెనక్కి పోదు, ముదిరితే ఆపరేషనే. చెవి ప్లగ్గులు మొదటి నుంచీ వాడండి.

ఎండ, దాహం, బొబ్బలు?

నీళ్ల మీద చల్లగాలి తగులుతుంటే ఎండ తెలియదు, కాలిపోయాక తెలుస్తుంది. ఎండ పై నుంచే కాక నీళ్ల మీద పడి గడ్డం కిందికీ, ముక్కు కిందికీ తగులుతుంది. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, ఎస్పీఎఫ్ 30 పైన ఉన్న క్రీము రెండు గంటలకోసారి. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతుండాలి. అలాగని చెమట ఓడే ఎండలో ఉప్పు లేని నీళ్లు లీటర్లకు లీటర్లు పట్టించడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీళ్లతో తడిపి చల్లబరచండి.

బొబ్బలు బొటనవేలి లోపలి అంచున మొదలవుతాయి. ఎర్రబడగానే టేపు చుట్టండి.

ఏ వయసుదాకా చేయొచ్చు?

జర్మనీ కయాకర్ బిర్గిట్ ఫిషర్ 1980 ఒలింపిక్స్‌లో 18 ఏళ్లకు స్వర్ణం గెలిచింది, 2004లో 42 ఏళ్లకు మళ్లీ గెలిచింది. ఇటలీ తరఫున ఆడిన జోసెఫా ఇడెం 2012 లండన్‌లో 47 ఏళ్ల వయసులో 500 మీటర్ల ఫైనల్లో ఐదో స్థానంలో నిలిచింది. మోకాళ్లు, చీలమండల మీద దెబ్బ పడని ఆట కావడం పెద్ద వయసువారికి కలిసొస్తుంది. కాళ్లలో శక్తి లేనివారికీ ఇందులో చోటుంది. పారా కనూ 2016 రియో నుంచి పారాలింపిక్స్‌లో ఉంది.

బీపీ, షుగర్, ఆస్తమా, మూర్ఛ ఉన్నవారు?

బీపీ, గుండె జబ్బు ఉంటే చన్నీళ్లు, హఠాత్తు శ్రమ రెండూ మీకు ముప్పే. డాక్టరును అడిగి, వెచ్చటి నిలకడ నీళ్లతో మొదలుపెట్టండి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవారు తీపి వస్తువును నీళ్లు చొరని సంచిలో, చేతికందే జేబులో పెట్టుకోవాలి, పడవ వెనక అరలో కాదు. ఆస్తమా పంపు కూడా అలాగే. మూర్ఛ ఉన్నవారు అది అదుపులో ఉందని డాక్టరు చెప్పాకే, ఎప్పుడూ తోడుతో, స్పృహ లేకున్నా ముఖం పైకి తిప్పే జాకెట్‌తోనే వెళ్లాలి. గర్భిణులు ప్రవాహాల జోలికి వెళ్లకపోవడం మంచిది. మద్యం తాగినవారెవరూ పడవెక్కకూడదు.

పడవ ఎత్తేటప్పుడు నడుము పట్టేసింది. ఇది కూడా ఈ ఆట ఖాతాలోదేనా?

కచ్చితంగా. పోటీల్లో వాడే ఒంటరి స్ప్రింట్ కయాక్ 12 కిలోలే గానీ, మామూలుగా దొరికేవి 20 నుంచి 28 కిలోలు ఉంటాయి. అలసిపోయి, ఒళ్లు చల్లబడి, నీళ్లు నిండిన పడవను వంగి లాగేది ఆ చివరి పది నిమిషాల్లోనే. ముందు నీళ్లు ఒంపేయండి. ఇద్దరు చెరో చివర పట్టండి, మోకాళ్లు వంచి లేపండి, నడుము తిప్పొద్దు, పాదాలతో తిరగండి.

నీళ్లు మింగాను, బయటపడ్డాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లాలా?

దగ్గు ఆగకపోయినా, ఊపిరి బరువుగా ఉన్నా, మత్తుగా ఉన్నా, కాసేపైనా స్పృహ తప్పి ఉన్నా ఆ రోజే వెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల్లో ముదరొచ్చు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోకండి. మీ పక్కన ఎవరికైనా ఊపిరి ఆగిపోయి ఉంటే ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి కూడా అందించాలి. నీటమునిగినవారికి గుండె ఆగేది ఆక్సిజన్ అందకే కాబట్టి ఇక్కడ ఊపిరి ఇవ్వడం తప్పనిసరి. మీతో నీళ్లలోకి దిగేవారందరూ కలిసి ఒక రోజు ఇది నేర్చుకోండి. అవసరపడేది మీకే అయితే చేయాల్సింది వాళ్లే.